ఇంట్లో ఎవరికి సెలవు లేదు?

(తిరుపతిలో ఒక కాలనీవాసుల సమావేశంలో, ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన అధికారిణి. ఆరోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబడిన మాటలు తీసేయడం తప్ప ఏమీ మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి.

నాకిచ్చిన అంశం, కుటుంబంలో పనికీ తీరికకీ మధ్య సమతూకం. దీని మీద మామూలుగా ఏం చెప్తారో మీకు తెలుసు. పొద్దున్నే లేవండి, కాసేపు నడవండి, ఆఫీసు పని ఇంటికి తేకండి, వారానికోసారి పిల్లల్ని పార్కుకు తీసుకెళ్ళండి. ఇవన్నీ మంచి మాటలే, కాదనను. కానీ ఈ మాటలు ఎప్పుడూ ఒక్క మనిషిని కూర్చోబెట్టి చెప్తారు. నీ పని, నీ తీరిక, నువ్వు సర్దుకో అంటారు. ఇంట్లో నలుగురుంటే ఆ నలుగురి సంగతేంటి? ఒకరి తీరిక ఇంకొకరి పని మీద నిలబడి ఉంటే ఆ లెక్క ఎవరు చూడాలి? నేనీరోజు ఆ లెక్క గురించే మాట్లాడతాను.

మొదట ఒక మాట అడుగుతాను. ఈరోజు ఆదివారం. ఈరోజు సెలవు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. బాగుంది, చాలామందే ఉన్నారు. దించండి. ఇప్పుడు, ఈరోజు పొద్దున ఇంట్లో వంట చేసి వచ్చినవాళ్ళు ఎత్తండి. చూశారా? మొదటిసారి ఈ పక్క మగవాళ్ళ చేతులు ఎక్కువ లేచాయి, రెండోసారి ఆ పక్క ఆడవాళ్ళవి ఎక్కువ లేచాయి. ఇంకొకటి కూడా గమనించండి. ఆ కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయిలు రెండుసార్లూ ఎత్తారు. సెలవూ ఉంది, వంటా చేశారు. మరి అది సెలవేనా అమ్మా?

ఇంకా మన ఊరి సంగతి వేరు. వేరే ఊళ్ళలో ఆదివారం అంటే కనీసం బజారైనా కాస్త నిదానిస్తుంది. తిరుపతిలో ఆదివారం వస్తే ఏమవుతుంది? శుక్రవారం రాత్రి నుంచే రైళ్ళు, బస్సులు నిండిపోతాయి. కొండ మీద మామూలు రోజుల్లోనే 60, 70 వేల మంది దర్శనం చేసుకుంటారు, సెలవులొస్తే ఇంకా పెరుగుతారు. దేశానికి వేసవి సెలవులైతే మనకు పని. దేశానికి కొత్త సంవత్సరమైతే మనకు పని. వైకుంఠ ఏకాదశి, బ్రహ్మోత్సవాలు, రథసప్తమి, ఊరంతా పనే. లాడ్జీలో దుప్పట్లు మార్చే పిల్లోడు, జీపు తోలే అన్న, అలిపిరి దగ్గర పూలమ్మే అక్క, హోటల్లో గ్రైండరు దగ్గర నిలబడే అమ్మ, బస్సు కండక్టరు, ఆస్పత్రి నర్సు, వీళ్ళందరూ ఊరికి సెలవు వచ్చినప్పుడల్లా రెట్టింపు పని చేసేవాళ్ళే. పక్కనే ఫ్యాక్టరీలుండే శ్రీసిటీ ఉంది. తెల్లారకముందే రోడ్డు పక్కన టిఫిన్ బాక్సు పట్టుకుని కంపెనీ బస్సు కోసం నిలబడే ఆడపిల్లల్ని మీరు చూసే ఉంటారు. ఈ వారం పొద్దున షిఫ్టు, వచ్చే వారం రాత్రి షిఫ్టు. భర్తకి తీరిక ఉన్నప్పుడు భార్య డ్యూటీలో ఉంటుంది, భార్య ఇంటికొచ్చేసరికి పిల్లలు బడిలో ఉంటారు. అలాంటప్పుడు "ఆదివారం కుటుంబంతో గడపండి" అని చెప్తే వాళ్ళకేం ఉపయోగం? క్యాలెండరులో ఎర్రగా రాసిన సెలవులు మన ఊళ్ళో చాలా ఇళ్ళకు సెలవులు కావు. ఇది మనం ముందు ఒప్పుకోవాలి.

ఆ ఎర్ర అక్షరం కూడా ఊరికే రాలేదు. ఈ విషయం చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ గొంతు కొంచెం పెరుగుతుంది, ఏమనుకోకండి. బొంబాయి బట్టల మిల్లుల్లో మన దేశపు కూలీలు తెల్లారి నుంచి చీకటి పడేదాకా పనిచేసేవాళ్ళు, వారమంతా. వాళ్ళకు ఒక్కరోజు విశ్రాంతి ఇవ్వండని నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన కొన్నేళ్ళు పోరాడారు. జ్యోతిరావు ఫూలే అనుచరుడాయన. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మన దేశంలో కూలి మనిషికి ఆదివారం అలా వచ్చింది.

తర్వాత 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒప్పందం చేసింది. ఫ్యాక్టరీల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. ఇది అందరికీ తెలిసిన విషయమే. తెలియంది ఏమిటంటే, అదే ఒప్పందంలో భారతదేశానికి ప్రత్యేకంగా ఒక నిబంధన రాశారు, ఇక్కడ మాత్రం వారానికి 60 గంటలని. మన ఒళ్ళు వేరే మట్టితో చేశారా? ఎందుకలా? బ్రిటిష్ పాలన కాబట్టి, మనం అడిగే స్థితిలో లేం కాబట్టి. ఆ 60 గంటలు 1934 చట్టంతో 54 అయ్యాయి. 1946లో 48 అయ్యాయి. అప్పుడు వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూస్తున్నది డాక్టర్ అంబేడ్కర్. 1948 ఫ్యాక్టరీల చట్టంలో అదే నిలిచింది. వారానికి 48 గంటలు, వారానికో సెలవు, ఐదు గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి, అదనపు పనికి రెట్టింపు కూలి. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు మన రాష్ట్రంలో 1988 చట్టం ఉంది, వాళ్ళకీ వారానికో సెలవు ఇవ్వాల్సిందే. 2025లో రోజు పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని మన రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది, ఆ వార్త మీరు చదివే ఉంటారు. అరవై నుంచి నలభై ఎనిమిదికి రావడానికి పావు శతాబ్దం పైగా పట్టింది. వెనక్కి వెళ్ళడానికి అంత కాలం పట్టదు. అందుకే ఇలాంటి వార్త వచ్చినప్పుడు పేజీ తిప్పేయకుండా చదవండని చెప్తున్నాను.

మన రాజ్యాంగంలో 43వ అధికరణం ఉంది. పనిచేసే ప్రతి మనిషికీ బతకడానికి సరిపోయే కూలి, మర్యాదగా బతికే పరిస్థితులు, తీరికని నిండుగా అనుభవించే వీలు, సాంఘిక సాంస్కృతిక అవకాశాలు ఉండేలా రాజ్యం చూడాలని అందులో రాశారు. కూలీ, తీరికా ఒకే వాక్యంలో ఉన్నాయి, గమనించండి. తీరిక అనేది డబ్బున్నోళ్ళ సంగతి అని ఎవరైనా అంటే ఈ వాక్యం చూపించండి. రాసినవాళ్ళు అలా అనుకోలేదు.

సరే, ఇదంతా బయటి పని. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు దుకాణాలకి, హోటళ్ళకి ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళేదాన్ని. హాజరు పుస్తకం చూపించమనేదాన్ని. సెలవు ఎప్పుడిచ్చారు, ఓవర్‌టైమ్ ఎంత ఇచ్చారు, కూర్చోవడానికి స్టూలు ఉందా అని అడిగేదాన్ని. స్టూలు చిన్న విషయం అనుకోకండి. బట్టల షాపులో చీరలు మడతపెట్టే ఆడపిల్ల పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉంటుంది. గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోనివ్వరు. కాళ్ళు వాచిపోతాయి. ఆ కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో చట్టం చేసింది, పక్కనే ఉన్న తమిళనాడు 2021లో చేసింది. కూర్చోవడానికి చట్టం కావాల్సి వచ్చింది, ఆలోచించండి.

మరి ఇంటికి? ఇంటికి ఏ ఇన్‌స్పెక్టరు వస్తాడు? ఇంట్లో హాజరు పుస్తకం ఎవరు రాస్తారు? ఇంట్లో పనిచేసే మనిషికి స్టూలు ఉందా లేదా అని ఎవరడుగుతారు?

ఒక ఆదివారం చూద్దాం. మీకు తెలియని ఇల్లేం కాదు, మన వీధిలో ఏ తలుపు తట్టినా కనబడే ఇల్లే. శనివారం రాత్రి పడుకోబోయే ముందే ఆ ఇంటి ఇల్లాలి ఆదివారం మొదలవుతుంది. బియ్యం, ఉద్దిపప్పు అప్పటికే నాని, రుబ్బి, మూతపెట్టి ఉండాలి. తెల్లారితే దోసెలు. ఆదివారం కదా, ఉత్త చట్నీ చాలదు, చెనిక్కాయల చట్నీతో పాటు ఉర్లగడ్డ కూర కూడా ఉండాలి. అందరూ ఒకసారి లేవరు. ఒకరు ఎనిమిదికి, ఒకరు తొమ్మిదికి, ఇంకొకరు పదికి. సెలవు కదా, పాపం పడుకోనీ అంటారు. లేచినవాళ్ళకి లేచినట్టు పెనం మీద నుంచి వేడివేడిగా దోసె పడాలి. అంటే ఎనిమిది నుంచి పది దాటేదాకా ఆమె పొయ్యి ముందే నిలబడి ఉంటుంది. ఆఖరి దోసె ఆమెది. అప్పటికి చట్నీ గిన్నె అడుగున కాస్త ఉంటుంది, అందులోనే నీళ్ళు చిలకరించుకుని తింటుంది.

పది దాటాక నాటుకోడి వస్తుంది. కడగాలి, పసుపు రాయాలి, మసాలా నూరాలి. పక్క పొయ్యి మీద సంగటికి ఎసరు. సంగటి ఎప్పుడైనా కెలికారా అన్నా మీరు? అన్నం మెత్తబడ్డాక రాగిపిండి పోసి, కాసేపు ఉడకనిచ్చి, గిన్నెను రెండు కాళ్ళతో అదిమి పట్టుకుని తెడ్డుతో కెలకాలి. ఉండ కట్టకూడదు. భుజం దగ్గర నుంచి బలం రావాలి. ఒకసారి కెలికి చూడండి, ఆరోజు జిమ్ముకు వెళ్ళక్కర్లేదు. భోజనాలయ్యేసరికి రెండున్నర. గిన్నెలు. తర్వాత వారం మొత్తం యూనిఫారాలు, వాటికి ఇస్త్రీ. మధ్యలో పిల్లకి తలకు నూనె. నాలుగింటికి చుట్టాలెవరో వస్తారు, ఆదివారమైతే ఇంట్లో ఉంటారని వచ్చాం అంటారు. టీ. వాళ్ళు వెళ్ళేసరికి ఆరు. సోమవారానికి కూరగాయలు తరగడం. రాత్రి పడుకునేటప్పుడు ఆ ఇంట్లో ఒకరు అంటారు, "ఈరోజు బాగా రెస్టు దొరికింది" అని. ఆ మాట ఎవరు అంటారో నేను చెప్పక్కర్లేదు.

ఆ మాట అన్న ఆయన చెడ్డవాడు కాదు. నేనెవరినీ తప్పుపట్టడానికి రాలేదు. వారమంతా కష్టపడ్డాడు, ఆయనకు విశ్రాంతి కావాలి, నిజం. మధ్యలో రెండు మూడుసార్లు "నువ్వూ వచ్చి కూర్చోవచ్చు కదా" అని కూడా అని ఉంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ కూర్చోమనడం వేరు, తాను లేవడం వేరు. ఆమె కూర్చోవాలంటే ఇంకొకరు లేవాలి. నేనీరోజు చెప్పాలని వచ్చింది ఈ ఒక్క మాటే. మిగతా అంతా దీనికి వివరణ.

ఇది నా ఊహ కాదు. ప్రభుత్వ గణాంక శాఖ దేశమంతా తిరిగి, మనుషులు 24 గంటలు ఎలా గడుపుతున్నారో అడిగి రాసుకుంది. 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి. 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తున్నారు. దాదాపు ఐదు గంటలు. మగవాళ్ళు 97 నిమిషాలు. అది కూడా ఇంటిపని అసలు ముట్టుకునే మగవాళ్ళ సగటు. అలాంటివాళ్ళు నూటికి 26 మందే. 2024కి వచ్చేసరికి ఆడవాళ్ళ లెక్క 289కి తగ్గింది. పది నిమిషాలు తగ్గింది కదా, సంతోషం. మరి మగవాళ్ళు పంచుకున్నారు కాబట్టి తగ్గిందా? వాళ్ళది 97 నుంచి 88కి తగ్గింది. ఇద్దరిదీ తగ్గింది. ఆమెకు మిగిలిన ఆ పది నిమిషాలు ఇంట్లో ఇంకొకరు లేచినందువల్ల వచ్చినవి మాత్రం కావు.

రోజుకు 299 నిమిషాలంటే వారానికి దాదాపు 35 గంటలు. ఉద్యోగం చేసే అమ్మాయి అందులో సగమే చేస్తుందనుకుందాం, 17 గంటలు. బయట 48, ఇంట్లో 17, మొత్తం 65. ఇప్పుడు ఇంకో లెక్క వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే, పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క సంవత్సరంలో ఇలా ఎక్కువ గంటల పని వల్ల ప్రపంచంలో 7 లక్షల 45 వేల మంది చనిపోయారని వాళ్ళ అంచనా. వాళ్ళు లెక్కేసింది జీతం వచ్చే పని గంటలే, ఇంటిపని అందులో లేదు. కానీ ఒంటికి ఆ తేడా తెలుస్తుందా? ఇది జీతం పని, ఇది జీతం లేని పని అని గుండె విడివిడిగా లెక్కపెట్టుకుంటుందా?

ఇంటిపనికి విలువ కట్టాల్సి వచ్చింది కోర్టులకే. ఎప్పుడో తెలుసా? ఆమె చనిపోయాక. జంషెడ్‌పూర్‌లో 1989లో ఒక వేడుకలో మంటలు రేగి చాలామంది ఆడవాళ్ళు, పిల్లలు చనిపోయారు. ఆ కేసులో 2001లో సుప్రీంకోర్టు, గృహిణి సేవల విలువ నెలకు 3,000 రూపాయలుగా కట్టింది. 2021 జనవరిలో ఇంకో ప్రమాదం కేసులో మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాస్తూ, నేనిందాక చెప్పిన 299 నిమిషాల లెక్కనే ఎత్తి చూపించారు. ఇంట్లో ఉన్నామె పని చెయ్యదు అనేది తప్పు ఆలోచన అని స్పష్టంగా రాశారు. పోయాక కోర్టు కట్టే లెక్క, ఉండగా మనం ఎందుకు వేయకూడదు?

ఇక మగవాళ్ళ సంగతికి వస్తాను. మూడో వరసలో డ్రైవరన్న ఒకాయన కూర్చున్నాడు, ఇందాక మాట్లాడాను. సొంత బండి, కిస్తీలు ఉన్నాయి. సీజన్లో నిద్ర కూడా బండిలోనే అన్నాడు. బస్సు, లారీ కంపెనీల్లో పనిచేసే డ్రైవర్లకి 1961లోనే చట్టం వచ్చింది, రోజుకు 8 గంటలు, వారానికి 48 అని. సొంత బండి తోలుకునే ఆయనకి ఆ రక్షణ లేదు. ఆయనే యజమాని, ఆయనే కూలీ. నిద్ర ఆపుకుని ఘాట్ రోడ్డు మలుపులు తిప్పుతుంటే వెనక కూర్చున్న పదిమంది ప్రాణాలు, ఇంట్లో ఉన్న నలుగురి బతుకు ఆయన కనురెప్పల మీద ఉంటాయి. అన్నా, మన పక్క రైతులు బోరును ఎలా వాడతారో మీకు తెలుసు. కాసేపు మోటారు ఆడిస్తారు, ఆపేస్తారు, నీళ్ళు ఊరనిస్తారు, మళ్ళీ ఆడిస్తారు. ఊరనివ్వకుండా ఆడిస్తే మోటారు కాలిపోతుంది. మనిషి కూడా అంతే. సీజన్లో ఎక్కువ తోలండి, తప్పదు, అర్థం చేసుకుంటాను. కానీ సీజన్ అయ్యాక ఆ నిద్ర తిరిగి తీసుకోవాలి. ఇంట్లో కిస్తీల సంగతి మీరొక్కరే మోయకండి, భార్యకు చెప్పండి. ఎంత కావాలి, ఎంత వస్తోంది, ఇంకెన్ని ట్రిప్పులు అవసరం అని ఇద్దరూ కూర్చుని లెక్క వేస్తే, చాలాసార్లు అవసరం కంటే భయం కొద్దీ తోలుతున్న ట్రిప్పులు బయటపడతాయి.

మన పెద్దవాళ్ళకి తీరిక తెలియదని కొందరంటారు. పొద్దస్తమానం పనేనంటారు. నేనొప్పుకోను. మన చిత్తూరు పక్క పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ఉన్నచోట ఎండాకాలంలో భారతం పెడతారు. మీలో చాలామంది చూసే ఉంటారు. ఎక్కువ ఊళ్ళలో 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లారేదాకా నాటకం. బకాసుర వధ రోజు బండి మీద భీముడి ఊరేగింపు. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు కింద పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్ళు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు, పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం కొంగు పడతారు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ, దుర్యోధన వధ, ఆ సాయంత్రం అగ్నిగుండం.

దీన్ని ఎండాకాలంలోనే ఎందుకు పెట్టారు? కోతలయ్యి, పొలంలో పని పల్చబడే కాలం కాబట్టి. ఊరంతా ఒకేసారి తీరుబడి అయ్యేది. అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఇప్పుడు మనకు తీరిక ఉంది, కానీ ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు వేళల్లో, నాలుగు ఫోన్లలో ఉంది. పక్కపక్కనే కూర్చుని ఎవరి చెవిలో వాళ్ళు వింటుంటారు. భారతం మైదానంలో అలా కాదు. ముసలమ్మ, మనవడు, కూలి మనిషి, భూమి ఉన్నాయన ఒకే కథకి ఏడ్చేవాళ్ళు.

అయితే ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం హరికథ దగ్గర చూడండి, కూర్చున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. అది పగటి వంట అయిపోయి, రాత్రి వంట మొదలుపెట్టే లోపల ఉండే వేళ. అప్పుడు కూడా ఆమె తీరిక రెండు వంటల మధ్య ఇరుక్కునే ఉంది. పాత రోజులన్నీ బంగారం అని నేను చెప్పడం లేదు. మంచిది తీసుకుందాం, ఆ లోటు మనం పూడ్చుదాం.

తిరుపతిలో గంగమ్మ జాతర ఉంది కదా. చాటింపు వేశాక, జాతర అయ్యేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదనేది ఆచారం. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఒక్కోరోజు ఒక్కోటి. ఏడాది పొడుగునా యాత్రికుల కోసం నడిచే ఊరు ఆ వారం తన కోసం తాను ఉంటుంది. ఆ ఆచారంలో నాకు నచ్చింది అది. ఊరు తన సెలవును తానే చాటింపు వేసుకుంటుంది. మన ఇల్లు కూడా అలా చాటింపు వేసుకోవాలి. మీకు ఆదివారం కుదరకపోతే మంగళవారం పెట్టుకోండి. పగలు కుదరకపోతే రాత్రి పెట్టుకోండి. షిఫ్టులు మారితే వారం వారం మార్చుకోండి. కానీ ఎప్పుడో ఒకప్పుడు అనకండి. రోజు, గంట చెప్పుకుని గోడ మీద రాసుకోండి. ఆ రెండు గంటలు ఫోన్లన్నీ బీరువా మీద.

అంతకంటే ముందు ఒక పని చెయ్యండి. ఒక్క వారం మీ ఇంటి హాజరు పుస్తకం రాయండి. పాత నోటుబుక్కు చాలు. పొద్దున ఎవరు ముందు లేచారు, రాత్రి ఎవరు ఆఖరికి పడుకున్నారు, మధ్యలో ఎవరు ఎంతసేపు కూర్చున్నారు. ఎవరూ ఎవర్నీ అనకూడదు, ఊరికే రాయాలి. పదో తరగతి పిల్లలకు చెప్పండి, వాళ్ళు బాగా రాస్తారు, ఎవరికీ మొహమాటం చూపించరు. వారం తర్వాత ఆ పుస్తకం అందరూ చదవండి. నేను ఉద్యోగంలో నేర్చుకున్నది ఇదొక్కటే, కాగితం మీద లేని ఓవర్‌టైమ్‌ను ఎవరూ ఒప్పుకోరు.

ఆ తర్వాత ఆమెకు వారంలో ఒక పూట సెలవివ్వండి. సాయం చేస్తాను అనకండి. ఆ పూట బాధ్యత మొత్తం ఇంకొకరిది. ఏం వండాలి, ఉప్పెక్కడుంది, గ్యాస్ ఎప్పుడైపోతుంది, పిల్లాడి టానిక్ ఎన్నింటికి, ఏదీ ఆమెను అడగకూడదు. అడిగితే అది సెలవు కాదు. పనిలో సగం బరువు చేతుల్లో ఉండదు, గుర్తుపెట్టుకోవడంలో ఉంటుంది. మగపిల్లలకి ఇప్పటి నుంచే నేర్పండి. ఆడపిల్ల గిన్నెలు కడిగితే పని నేర్చుకుంటోంది అంటాం, మగపిల్లాడు కడిగితే అయ్యో పాపం అంటాం. ఆ "పాపం" మానేయండి చాలు.

పిల్లల తీరిక గురించి కూడా ఒక మాట. ఇంటర్మీడియట్ హాస్టళ్ళలో తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు పెడుతున్నారు. ఫ్యాక్టరీ కూలీకి కూడా మన చట్టం అన్ని గంటలు ఒప్పుకోదు. 1989 బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం పిల్లలకి విశ్రాంతి, ఆట హక్కు అని చెప్తుంది, మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. కాలేజీలో చేర్చేముందు ఫీజు అడుగుతాం, ర్యాంకులు అడుగుతాం. నిద్ర ఎన్ని గంటలు, ఆట ఎంతసేపు అని కూడా అడగండి. తల్లిదండ్రులు పదిమంది అడిగితే వాళ్ళు టైంటేబుల్ మారుస్తారు.

బయటికి వెళ్ళడానికి మనకి దూరం పోనక్కర్లేదు. చంద్రగిరి కోట ఉంది, కపిలతీర్థం ఉంది, సైన్స్ సెంటర్ ఉంది, జూ ఉంది, వానలు పడితే తలకోన జలపాతం ఉంది. కానీ తలకోన వెళ్ళే రోజు తెల్లవారుజామున మూడింటికి లేచి పన్నెండు మందికి పులిహోర, పెరుగన్నం కట్టి, అక్కడ వడ్డించి, తిరిగొచ్చి రాత్రి గిన్నెలు తోమేది ఎవరు? ఆరోజు బయట తినండి, లేదా అందరూ కలిసి కట్టండి.

చీటీలు వచ్చాయి, చూస్తాను. మూడున్నాయి.

మొదటిది ఒక అబ్బాయి రాశాడు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని, అమెరికా వాళ్ళతో రాత్రి పదింటికి మీటింగులు, ఆఫీసు ఇంట్లోకి వచ్చేసింది, ఏం చెయ్యాలి అని. నాయనా, ఫ్రాన్స్‌లో 2017 నుంచి పని వేళలు దాటాక ఫోన్, మెయిల్ పట్టించుకోకుండా ఉండే హక్కుకు చట్టం ఉంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. 2018లో ఎంపీ సుప్రియా సూలే ఈ హక్కు కోసం లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. కాబట్టి నువ్వే గీత గీసుకోవాలి. రాత్రి పదింటి మీటింగు తప్పకపోతే, పొద్దున పది దాకా ఆ సమయం నీదని మేనేజరుకు రాతపూర్వకంగా చెప్పు. ఆ పొద్దుట పూట పడుకోవడంతో పాటు పిల్లని బడికి దింపే పని కూడా నువ్వు తీసుకో. ఇంట్లోనే ఉన్నా ఇంటికి లేనట్టు ఉండేవాళ్ళని చూస్తున్నాను, అది నీకొద్దు.

రెండోది ఒక అక్క రాసింది. నాలుగు ఆవులున్నాయి, రెండు పూటలా పాలు పిండి సెంటరుకు పొయ్యాలి, ఆవుకు ఆదివారం లేదు కదా మేడమ్ అని. నిజమే అక్కా, ఆవుకు ఆదివారం లేదు. కానీ మీ ఇంట్లో పాలు పిండేది మీరొక్కరేనా? మీ ఆయనకీ, కొడుక్కీ కూడా ఆవును అలవాటు చెయ్యండి. మొదట్లో కొత్త చెయ్యి అని సరిగా ఇవ్వదు, వారం పది రోజులు పడుతుంది. పక్కింటి ఆమెకీ ఆవులుంటే ఒకరి ఊరి ప్రయాణం నాడు ఇంకొకరు చూసుకునేలా మాట్లాడుకోండి. పుట్టింటికి వెళ్ళి ఒక రాత్రి నిద్ర చేసి ఎన్నేళ్ళయిందో అని కూడా రాశారు. అది ముందు చెయ్యండి. ఈ నెలలోనే.

మూడోది, పేరు రాయలేదు. మీరు చెప్పింది బాగుంది మేడమ్, కానీ నేను ఒక పూట సెలవు అడిగితే మా అత్తగారు ఏమనుకుంటారో అని భయంగా ఉంది, ఆవిడ ఒక్కరోజు కూడా కూర్చోకుండా ఈ ఇల్లు నడిపారు అని. అమ్మా, నువ్వు రాసిన దాంట్లోనే ఉంది చూడు. ఆవిడ ఒక్కరోజు కూడా కూర్చోలేదు. ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు కాబట్టి, అడగడం ఆవిడకి తప్పుగా కనిపిస్తుంది. అందుకే నీ సెలవు ముందు అడగొద్దు. మొదటి సెలవు ఆవిడకి ఇవ్వండి. ఆవిడ చెల్లెలు ఏ ఊళ్ళో ఉన్నారో కనుక్కుని, మీ ఆయన్ని బండి మీద దింపి రమ్మను, రెండు రోజులుండి రమ్మనండి. ఇంట్లో ఎలా జరుగుతుందో అని ఆవిడ ఫోన్ చేస్తారు. అప్పుడు ఫోన్ నువ్వు ఎత్తకు, మీ ఆయన్ని ఎత్తమను. వంట ఏం చేశారని అడుగుతారు కదా, ఏం చేశాడో ఆయన్నే చెప్పనీ.